ఇంపోర్టులు పైనే ఉండాలనే లింట్ రూల్: చీనీ మండీ బిల్లింగ్‌లో వాడి చూశాక

జావాస్క్రిప్ట్ కోడ్‌ని నడపకుండానే చదివి తప్పులు చూపించే ఈఎస్‌లింట్ అనే టూల్‌కి ఇంపోర్ట్ ప్లగిన్ అని ఒకటుంది కదా, అందులో ఫస్ట్ అనే చిన్న రూల్ గురించి రాస్తున్నా. ఫైల్‌లో ఇంపోర్ట్ లైన్లన్నీ, అంటే వేరే ఫైళ్ల కోడ్‌ని తెచ్చుకునే లైన్లన్నీ, మొదట్లోనే ఉండాలి, మధ్యలో వేరే కోడ్ వచ్చాక మళ్లీ ఇంపోర్ట్ కనబడితే కింద ఎర్రగీత పడుతుంది, దాని పని అంతే. చాలామంది దీన్ని ఫైల్ చూడ్డానికి పద్ధతిగా ఉండడం కోసం పెట్టిన రూల్ అనుకుని ఆపేస్తారు. నేనూ రెండేళ్లు ఆపేసే ఉంచా. ఇప్పుడు మా ప్రాజెక్టులన్నిట్లో వార్నింగ్ కూడా కాదు, ఎర్రర్‌గానే పెట్టాం.

మాది అనంతపురం. సప్తగిరి సర్కిల్‌కి దగ్గర్లో మేడ మీద ఒక గదిలో ముగ్గురం పని చేస్తాం. మా సాఫ్ట్‌వేర్‌తో ఒక చీనీ (బత్తాయి) మండీలో బిల్లింగ్ నడుస్తుంది. రైతు కాయ తెచ్చి దించుతాడు, వేలం అవుతుంది, టన్ను రేటు, తూకం, కమీషన్, హమాలీ అన్నీ లెక్కగట్టి చీటీ వస్తుంది. సర్వర్ నోడ్‌లో (జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీద నడిపేది), కోడ్ టైప్‌స్క్రిప్ట్‌లో (జావాస్క్రిప్ట్‌గా మార్చి నడిపే భాష). సర్వర్ ఫైల్‌లో మొదటి మూడు లైన్లు ఇవి: ఒకటో లైన్‌లో డాట్‌ఎన్వ్ అనే ప్యాకేజ్ ఇంపోర్ట్, రెండో లైన్‌లో దాని కాన్ఫిగ్ ఫంక్షన్‌ని పిలవడం, అంటే ఎన్వ్ ఫైల్‌లోని సెట్టింగులన్నీ మెమరీలోకి తేవడం, మూడో లైన్‌లో మా డేటాబేస్ ఫైల్ ఇంపోర్ట్. ఆ డేటాబేస్ ఫైల్ లోడ్ అవగానే ఎన్వ్ సెట్టింగ్ చూసి కనెక్ట్ అవుతుంది, సెట్టింగ్ లేకపోతే అదే మిషన్ మీదున్న టెస్ట్ డేటాబేస్‌కి పోతుంది. చదివితే వరుస సరిగ్గానే ఉంది, ముందు సెట్టింగులు, తర్వాత కనెక్షన్. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు.

ఒక రాత్రి ప్రాజెక్టుని ఫైళ్లు ఒకదాన్నొకటి తెచ్చుకునే పాత పద్ధతి కామన్‌జేఎస్ నుంచి కొత్త పద్ధతి ఈఎస్ మాడ్యూల్స్‌కి మార్చాం. ప్యాకేజ్ జేసన్‌లో టైప్ దగ్గర మాడ్యూల్ అని పెట్టి, టీఎస్‌కాన్ఫిగ్ మార్చి, ఇంపోర్టుల్లో ఫైల్ పేర్ల వెనక ఎక్స్‌టెన్షన్లు తగిలించి, సర్వర్ లేచిందని చూసుకుని పడుకున్నాం. పొద్దున వేలం టైమ్‌లో మండీ గుమాస్తా ఫోన్ చేశాడు. "అన్నా, చీటీ నంబర్లు మళ్లా ఒకటి నుంచి వస్తాండాయి, రైతుల పేర్లు ఒక్కటీ కనపడ్డం ల్యా." బయట బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి, ఆయన గొంతులో టెన్షన్ నాకు ఫోన్‌లోనే తెలిసిపోయింది. ఆ పూట చీటీలన్నీ చేత్తో రాయించాల్సి వచ్చింది.

సర్వర్ పోయి టెస్ట్ డేటాబేస్‌కి తగులుకుందని వెంటనే అర్థమైంది. ఎందుకు తగులుకుందో మాత్రం గంటన్నర దాకా అర్థం కాలేదు, ఎందుకంటే కోడ్ ఎన్నిసార్లు చదివినా కాన్ఫిగ్ రెండో లైన్‌లోనే ఉంది, డేటాబేస్ మూడో లైన్‌లోనే ఉంది. చివరికి కాన్ఫిగ్ లైన్‌కి ముందొక లాగ్, డేటాబేస్ ఫైల్‌లో ఒక లాగ్ పెట్టి నడిపితే డేటాబేస్ లాగ్ ముందొచ్చింది.

అసలు సంగతి ఇది. 2015లో జావాస్క్రిప్ట్‌కి వచ్చిన ఈఎస్ మాడ్యూల్స్ పద్ధతిలో ఇంపోర్ట్ అనేది వరుసలో నడిచే లైన్ కాదు. ఫైల్‌లో ఏ మూల రాసినా సరే, ఆ ఫైల్‌లోని మామూలు కోడ్ ఒక్క లైన్ కూడా మొదలవకముందే ఇంపోర్ట్ చేసిన ఫైళ్లన్నీ లోడ్ అయి, వాటి కోడ్ నడిచిపోయి ఉంటుంది. మరి రెండేళ్లు ఎలా పనిచేసిందంటే, టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ కామన్‌జేఎస్‌లోకి మార్చేటప్పుడు ఇంపోర్ట్ ఉన్నచోటే రిక్వైర్ (కామన్‌జేఎస్‌లో వేరే ఫైల్‌ని తెచ్చేది) పెడుతుంది, పైకి లాగదు, రిక్వైర్ మామూలు ఫంక్షన్ కాల్ కాబట్టి తన వంతు వచ్చినప్పుడే నడుస్తుంది. ఇలాగే కోడ్ మార్చే ఇంకో టూల్ బేబెల్ వాడేవాళ్లకి ఈ వెసులుబాటు మొదట్నుంచీ లేదు, అది పైకి లాగేస్తుంది. అంటే మా కోడ్ అన్నాళ్లూ కంపైలర్ అలా చేసినందుకే నిలబడింది. కంటికి కనబడే వరుస ఒకటి, నడిచే వరుస ఇంకొకటి అయితే ఎంత అనుభవం ఉన్నా చదివి పట్టుకోలేరు. ఫస్ట్ రూల్ పట్టుకునేది సరిగ్గా ఆ తేడానే, అందుకే నాకు దీని మీద ఇంత గౌరవం.

ఆ రోజు మధ్యాహ్నమే ఆపి ఉంచిన రూల్ ఆన్ చేశా. ఖర్చేమీ లేదు, ఓపెన్ సోర్స్, కాన్ఫిగ్‌లో ఒక్క లైన్. మూడో లైన్ కింద వెంటనే ఎర్రగీత, ఇంపోర్ట్ మాడ్యూల్ మధ్యలో ఉంది, పైకి జరుపు అని మెసేజ్.

ఇక్కడ ఒకటి జాగ్రత్తగా చూసుకోవాలి. ఈఎస్‌లింట్ తనంతట తానే సరిచేసే ఫిక్స్ కమాండ్ కొడితే అదే జరిపేస్తుంది, డేటాబేస్ ఇంపోర్ట్ రెండో లైన్‌కి వచ్చి కాన్ఫిగ్ మూడో లైన్‌కి పోతుంది. దాంతో బగ్ పోలేదు, కాకపోతే ఇప్పుడు కళ్లముందే ఉంది, ఎవరు చదివినా డేటాబేస్ ముందు లేస్తోందని తెలుస్తుంది. మాతో పనిచేసే తమ్ముడు జేఎన్‌టీయూ నుంచి ఈ మధ్యే బయటికొచ్చాడు, అతను స్క్రీన్ చూసి "అన్నా, సెట్టింగులు రాకముందే కనెక్ట్ అయిపోతాంది కదా" అని పది సెకన్లలో చెప్పేశాడు. నాకు పొద్దున గంటన్నర పట్టింది అదే. సరిచేయాలంటే కాన్ఫిగ్‌ని ఫంక్షన్‌గా పిలవడం తీసేసి, డాట్‌ఎన్వ్/కాన్ఫిగ్ అనే ఫైల్‌నే మొట్టమొదటి ఇంపోర్ట్‌గా పెట్టాలి, ఎందుకంటే ఇంపోర్టులు వాటిల్లో అవి రాసిన వరుసలోనే నడుస్తాయి. నోడ్ 20.6 నుంచి ఎన్వ్ ఫైల్‌ని స్టార్ట్ చేసే కమాండ్‌లోనే ఇచ్చే సదుపాయం వచ్చింది, మేం చివరికి దానికే మారాం.

ఫిక్స్ ఎక్కడపడితే అక్కడ గుడ్డిగా జరపదు, అది నచ్చింది. ఇంపోర్ట్ చేసిన పేరుని దానికంటే పైన ఎక్కడైనా వాడి ఉంటే కదపకుండా ఎర్రర్ మాత్రం చూపించి వదిలేస్తుంది.

నచ్చనివీ ఉన్నాయి. రిక్వైర్‌ని ఇది పట్టించుకోదు, పాత కామన్‌జేఎస్ కోడ్‌లో ఫైల్ నిండా రిక్వైర్లు చల్లి ఉన్నా కిక్కురుమనదు. ఇంకో ఫైల్ నుంచి నేరుగా తిరిగి ఎక్స్‌పోర్ట్ చేసే లైన్లని కూడా మామూలు కోడ్ కిందే లెక్కేస్తుంది, నిజానికి అవి కూడా ఇంపోర్టుల్లాగే ముందే లోడ్ అవుతాయి, అలాంటి లైన్లు నిండిన ఇండెక్స్ ఫైళ్లలో ఇది చికాకు పెడుతుంది. యాబ్సల్యూట్ ఫస్ట్ అనే ఆప్షన్ ఇస్తే ప్యాకేజీల ఇంపోర్టులు ముందు, చుక్కతో మొదలయ్యే మన సొంత ఫైళ్లవి తర్వాత ఉండాలంటుంది. మాకు అది అవసరం అనిపించలేదు, వరుస అంత పట్టింపుగా కావాలంటే అదే ప్లగిన్‌లో ఆర్డర్ అనే రూల్ ఉంది.

టెస్టుల్లో ఇబ్బంది వస్తుందేమో అనుకున్నాం, రాలేదు. జెస్ట్ అనే టెస్టింగ్ టూల్‌లో, అసలు ఫైల్ బదులు నకిలీది పెట్టే మాక్ లైన్లని బేబెల్ ప్లగినే ఇంపోర్టుల పైకి ఎక్కిస్తుంది కాబట్టి మనం వాటిని ఇంపోర్టుల కింద రాసుకోవచ్చు.

పైథాన్ వాళ్లు మాకూ ఇలాంటిదే ఈ402 అనే రూల్ ఉంది కదా అంటారు. పేరుకి ఒకటే, పని వేరు. పైథాన్‌లో ఇంపోర్ట్ నిజంగానే వరుసలో నడుస్తుంది, పైన పెట్టమని పైథాన్ స్టైల్ గైడ్ పెప్ 8 చెప్పేది ప్రధానంగా చదివేవాళ్ల కోసం. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) స్క్రిప్టుల్లో సెటప్ పిలిచాకే మోడల్స్ ఇంపోర్ట్ చేయాలి, అక్కడ నోక్వా అనే కామెంట్ పెట్టి ఆ రూల్‌ని దాటాల్సిందే. జావాస్క్రిప్ట్‌లో ఈఎస్ మాడ్యూల్స్‌కి వచ్చేశాక మాత్రం రూల్‌ని ఆపే డిసేబుల్ కామెంట్ పెట్టి దాటినా లాభం లేదు, ఇంజిన్ ఎలాగూ ఇంపోర్టుల్నే ముందు నడుపుతుంది. అందుకే మా దగ్గర ఆ కామెంట్ కనబడితే రివ్యూలో ఆపేస్తున్నాం.

మీరింకా టైప్‌స్క్రిప్ట్‌తో కామన్‌జేఎస్‌లోనే ఉంటే ఒక మాట. ఫిక్స్ కొట్టకముందు రూల్ ఆన్ చేసి ఎన్ని ఎర్రర్లు వస్తాయో చూడండి, ఒక్కో చోట ఆ ఇంపోర్ట్ పైనున్న లైన్ ఏం చేస్తోందో చదవండి, ఎందుకంటే మీ దగ్గర అది జరిపితే నడిచే వరుస నిజంగానే మారిపోతుంది. మా ప్రాజెక్టులో పదకొండు వచ్చాయి. తొమ్మిది ఊరికే చెల్లాచెదురుగా పడున్నవి. పదోది డేటాబేస్, పదకొండోది ప్రింటర్ సెట్టింగ్ ఫైల్, అది కూడా కాన్ఫిగ్ తర్వాతే లేవాలి, చీటీ మీద మండీ పేరు అందులోంచే వస్తుంది.