ఎల్‌డీఎల్, నాన్ హెచ్‌డీఎల్, అపోబీ: ఏ వయసులో ఏది మేలు?

ఈ రిపోర్టు చూడండి. మొత్తం కొలెస్ట్రాల్ 190, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 35, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) 250 (డెసిలీటరుకు మిల్లీగ్రాములు). చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌ను చాలా ల్యాబుల్లో నేరుగా కొలవరు, లెక్కగడతారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతును తీసేస్తారు: 190 - 35 - 50 = 105. ఫర్వాలేదనిపిస్తుంది. కానీ నాన్ హెచ్‌డీఎల్, అంటే హెచ్‌డీఎల్ పోగా మిగిలిన కొలెస్ట్రాలంతా, 190 - 35 = 155. ఎల్‌డీఎల్ లక్ష్యానికి 30 కలిపితే నాన్ హెచ్‌డీఎల్ లక్ష్యం వస్తుందని డాక్టర్ల లెక్క. ఇక్కడ తేడా 50. ఆ అదనపు కొలెస్ట్రాల్ ట్రైగ్లిజరైడ్లను మోసే వీఎల్‌డీఎల్ లాంటి రేణువుల్లో ఉంది. వాటి శేషాలు కూడా రక్తనాళాల గోడల్లోకి చొరబడతాయి.

అందుకే ఒక్క అంకె ఎంచుకోమంటే మా ఓటు నాన్ హెచ్‌డీఎల్‌కే. అదనపు ఖర్చు లేదు, పరగడుపున ఉండక్కర్లేదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఎల్‌డీఎల్ లెక్క పనికిరాదు, ఇది పనికొస్తుంది.

అపోబీ అనే ప్రోటీన్ కొలత ఇంకా కచ్చితం. ఎల్‌డీఎల్ అయినా, వీఎల్‌డీఎల్ అయినా ఒక్కో రేణువుకు ఒక్కటే అపోబీ ఉంటుంది కాబట్టి ఇది రేణువుల తలలెక్క. షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు ఉన్నవారిలో రేణువులు చిన్నవిగా, ఎక్కువగా ఉంటాయి. ఎల్‌డీఎల్ బాగున్నట్టు కనిపిస్తూనే అపోబీ 130 దాటవచ్చు. వయసు 40 దాటి ట్రైగ్లిజరైడ్లు 200కు పైన ఉంటే ఈ పరీక్షకు పెట్టే డబ్బు దండగ కాదు.

40 ఏళ్ల లోపు వారి సంగతి వేరు. వచ్చే పదేళ్లలో గుండెజబ్బు ముప్పును చెప్పే లెక్కల్లో వయసుదే పెద్దవాటా కనుక అవి దాదాపు అందరికీ తక్కువే చూపిస్తాయి. దానికి మురిసిపోకూడదు, ఎల్‌డీఎల్ ఎంత ఉందన్నదే కాదు, ఎన్నేళ్లుగా ఉందన్నదీ ముఖ్యమే. ఎల్‌డీఎల్ 190 దాటితే ముందు థైరాయిడ్, కిడ్నీ సమస్యలు లేవని తేల్చుకుని, వంశపారంపర్యాన్ని అనుమానించాలి. తోబుట్టువులకూ, పిల్లలకూ పరీక్ష చేయించాలి. ఎల్‌డీఎల్ లాంటి మరో రేణువు లైపోప్రోటీన్-ఎ దాదాపు పూర్తిగా జన్యువుల చేతిలో ఉంటుంది కాబట్టి జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు గానీ, లీటరుకు 125 నానోమోల్స్ గానీ దాటితే ముప్పు ఎక్కువ. ఒక కొలతను రెండోదానిలోకి మార్చకండి, రేణువు బరువు మనిషి మనిషికీ మారుతుంది.

మెనోపాజ్ సమయంలో ఎల్‌డీఎల్ పెరుగుతుంది. అంతకుముందు రిపోర్టు చూసుకుని నిశ్చింతగా ఉండటం పొరపాటు.

జ్వరం, ఇన్‌ఫెక్షన్, గుండెపోటు తర్వాత కొన్ని వారాలపాటు ఎల్‌డీఎల్ తగ్గి కనిపిస్తుంది. గుండెపోటు వస్తే 24 గంటల్లోపు తీసిన రక్తమే నమ్మదగ్గది.

75 ఏళ్లు దాటాక కొలెస్ట్రాల్‌కూ మరణానికీ ఉన్న సంబంధం పలచబడుతుంది. జబ్బులూ, బరువు తగ్గడమూ కొలెస్ట్రాల్‌ను కిందికి లాగేస్తాయి. మందు వేసుకోకుండానే ఎల్‌డీఎల్ 130 నుంచి 80కి జారితే సంతోషించకండి, తిండి తగ్గిందా, కండ కరుగుతోందా, లోపల ఇంకేదైనా జబ్బుందా అని డాక్టరు చేత వెతికించండి.