చాకు మీద పేరు వెయ్యడానికి డ్రెమెల్ 290 సరిపోతుందా?

స్టీలు సామాన్ల కొట్లో గిన్నెల మీద పేర్లు వేసే మిషను చూసే ఉంటారు. డ్రెమెల్ 290 ఎన్‌గ్రేవర్ కూడా ఆ జాతిదే. దీని మొన తిరగదు, పైకీ కిందకీ కొట్టుకుంటుంది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి 6,000 దెబ్బలు. మడత చాకుకి ఇదే కావాలి, ఎందుకంటే లోహం వేడెక్కదు. గిర్రున తిరిగే బిట్టు ఒకేచోట ఆగితే ఉక్కు నీలంగా మారుతుంది, ఆ తర్వాత అక్కడ పదును నిలవదు.

విక్టోరినాక్స్ కంపెనీ పయొనీర్ లాంటి మడత చాకులకుండే ఆలాక్స్ పిడి (గళ్ళు అచ్చొత్తి, పై పొర గట్టిపరిచిన అల్యూమినియం) మీద ఇది చక్కగా పనిచేస్తుంది. పిడి అల్యూమినియం కాబట్టి గీతలో తుప్పు పట్టే భయం లేదు. పేరు కోసమే అన్నట్టు నున్నటి చిన్న పలక కూడా ఉంటుంది. రంగు ఆలాక్స్ అయితే పై పొర లేచి అక్షరాలు తెల్లగా మెరుస్తాయి. వెండిరంగు పిడి మీద మాత్రం సరిగ్గా కనపడవు. గీతల్లో నల్ల ఎనామిల్ పెయింటు రాసి, ఆరకముందే పైపైన గుడ్డతో తుడిచేయాలి.

ఎర్ర ప్లాస్టిక్ పిడి మీద వాడకండి, అంచులు పెళ్ళలుగా లేస్తాయి. బ్లేడు మీదా వద్దు. గట్టి ఉక్కు మీద మిషను కార్బైడ్ (చాలా గట్టి లోహ మిశ్రమం) మొన పైపైన గీకుతుంది, మొన అరుగుతుంది, గరుకైన గుంటల్లో తేమ నిలిచి మరకలు పడతాయి.

చాకు మూసి, బ్లేడు దూరే సందు, కీళ్ళు కనపడకుండా మాస్కింగ్ టేపు చుట్టండి. చెక్కముక్క మీద రెండువైపులా అంటుకునే టేపుతో బిగించండి. వైస్‌లో (బిగించి పట్టుకునే పనిముట్టులో) పెడితే దవడలకి రబ్బరు ముక్కలు తప్పనిసరి, లేకపోతే ఆలాక్స్ గళ్ళు నలిగిపోతాయి. పలకని స్పిరిట్‌తో తుడిచి, సన్నటి మార్కరుతో పేరు రాయండి. లోతు డయల్ 5 దాకా ఉంది, 1లో మొదలుపెట్టండి. మొన ఆనేటప్పటికే చెయ్యి కదులుతూ ఉండాలి. ఆగిన చోటల్లా గుంట పడుతుంది, ‘ర’ మొదట్లో చుక్క పెట్టినట్టు కనపడేది అందుకే. నొక్కకండి, ఒకసారి గట్టిగా గీయడం కన్నా రెండుసార్లు తేలిగ్గా గీయడం మేలు.

మనకి అసలు చిక్కు అక్షరాల్లో ఉంది. ఇంగ్లీషు ‘ఎల్’, ‘టి’ లాంటివి నిలువు, అడ్డ గీతలే, సులువుగా వచ్చేస్తాయి. తెలుగు అక్షరాలన్నీ వంపులు. అదురుడుకి మొన వంపులో పక్కకి జారి, సున్నా కాస్తా పలకలు పలకలుగా తేలుతుంది. చెయ్యి తిప్పకుండా చాకున్న చెక్కని తిప్పితే చాలావరకు సరిపోతుంది. 5 మిల్లీమీటర్లకి తక్కువ ఎత్తులో రాస్తే వత్తులు పూడిపోతాయి. ‘శ్రీ’ లాంటివి ముందు పాత అల్యూమినియం మూత మీద పది సార్లు రాసి చూడండి.

మోత ఎక్కువ, పావుగంటకే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. అయినా ఆలాక్స్ చాకున్నవాళ్ళకి కొనమనే చెబుతాం. అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్ళు మాత్రం జాగ్రత్త: అక్కడిది 120 వోల్టులది, మన ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది.

చెక్కడం అయ్యాక టేపు తీసేముందే పొడిని బ్రష్‌తో దులపండి. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో చాకుని నాలుగైదుసార్లు తెరిచి మూసి, పూర్తిగా ఆరబెట్టి, కీలు దగ్గర ఒక్క చుక్క నూనె వేయండి. లోపల పొడి మిగిలితే తెరిచినప్పుడల్లా కరకరమంటుంది.