గది లక్నవరంలో బాగుంది, పిట్ట పాకాలలో దొరికింది

తొలకరి పడిన నాలుగో రోజు నేనూ మా తమ్ముడూ పొన్నంకి పిట్ట కోసం హనుమకొండలో బయల్దేరాం. హిందీలో దీన్ని నవరంగ్ అంటారు. శాస్త్రవేత్తలు ఈ జాతికి పెట్టిన 'పిట్టా' అనే పేరు మన తెలుగు మాటే. 1816లో వియో అనే ఫ్రెంచ్ ఆయన పెట్టాడు. తీరా మనవాళ్లను అడిగితే "ఏ పిట్ట?" అంటారు!

మొదటి రాత్రి లక్నవరంలో. చెరువు కనిపించే గది, వేడినీళ్లు, శుభ్రమైన బాత్రూం, వంక పెట్టడానికి లేదు. కానీ అది శనివారం. వేలాడే వంతెన మీద సెల్ఫీల గోల, బ్లూటూత్ పాటలు. పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకు ఓకే, మాకు మాత్రం దండగ.

తాడ్వాయి వైపు అడవి చిక్కన, చెవులకు హాయి. అయితే అక్కడ ఫోన్లో మాట్లాడుకున్న గదిని మేం వెళ్లేసరికి వేరేవాళ్లకు ఇచ్చేశారు. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వడానికి గంటసేపు నసిగారు. రాత్రికి రాత్రే నర్సంపేట వచ్చి ఓ లాడ్జిలో పడ్డాం. ఫ్యాన్ తిరిగినంతసేపూ కిర్రుమంది.

పొద్దున అయిదున్నరకల్లా పాకాల. గణపతిదేవుడి కాలం నాటి చెరువు, చుట్టూ అడవి. కట్ట దగ్గర టీ పోసే పెద్దమ్మ "గా చెట్ల కిందికి పోండ్రి బిడ్డా, సప్పుడు చెయ్యకుండ్రి" అంది. ఆమె చెప్పినట్టే కూర్చున్నాం. దోమలు పీకేస్తున్నాయి.

వీట్... ట్యూ. రెండే స్వరాలు, ఈల వేసినట్టు. తెల్లవారుజామునా సాయంత్రమూ ఎక్కువగా కూస్తుందనే తమిళులు ఆరుమణి కురువి, అంటే ఆరు గంటల పిట్ట అంటారు. కూత వినిపించిన పది నిమిషాలకు ఎండుటాకుల్లో కదలిక. మైనా కంటే చిన్నది, తోక ఉందా లేదా అన్నంత పొట్టి. ముక్కుతో ఆకు తిరగేస్తుంది, పురుగును లాగుతుంది, రెండు గెంతులు వేసి ఆగుతుంది. ఆకుపచ్చ వీపు, రెక్క మీద మెరిసే నీలం, కంటి మీదుగా కాటుక పూసినట్టు నల్ల పట్టీ, తోక కింద కుంకుమ ఎరుపు. ఇన్ని రంగులున్నా నీడలో కదలకుండా నిలబడితే ఎండుటాకుల్లో కలిసిపోతుంది. మా తమ్ముడు కెమెరా ఎత్తాడు. రెక్కల్లోని తెల్ల మచ్చలు తళుక్కున మెరిశాయి, అంతే. ఫొటోలో ఆకులే మిగిలాయి.

వెళ్లేవాళ్లు టిఫిన్ వెంట కట్టుకుని వెళ్లండి. ఆ వేళకు మాకు టీ తప్ప ఏదీ దొరకలేదు.