పాత ఇంట్లో స్టీమ్ హీటింగ్: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

న్యూజెర్సీలో 1920ల నాటి ఇంట్లో ఉంటున్నాం. కింద బేస్‌మెంట్‌లో గ్యాస్ బాయిలర్, పైన గదికో ఇనప రేడియేటర్, రెంటికీ మధ్య ఒంటి పైపు స్టీమ్ హీటింగ్. చాలా చలికాలాలు దీంతోనే గడిపాం. ఇలాంటి ఇల్లు చూసొచ్చిన మనవాళ్ళు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "ఇదంతా పీకించేసి కొత్తది పెట్టించుకోవాలా?" అక్కర్లేదు. సరిగ్గా బాగుచేయించుకుంటే ఇంత హాయైన వేడి ఇంకో పద్ధతిలో నాకు దొరకలేదు. మొహం మీద వేడిగాలి కొట్టదు, దుమ్ము లేవదు. బాయిలర్ ఆగిపోయాక కూడా ఆ ఇనుము చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. జనవరిలో ఇడ్లీ పిండి గిన్నె రేడియేటర్ పక్కన పెడితే తెల్లారేసరికి పొంగి ఉంటుంది.

అది పనిచేసే తీరు కొంచెం తెలిస్తే రిపేర్లు సగం అర్థమవుతాయి. బాయిలర్‌లో పుట్టిన ఆవిరి పైపుల్లో తనంతట తానే పైకెక్కి రేడియేటర్‌లోకి వెళ్తుంది. అక్కడ చల్లబడి నీరై, వచ్చిన దారినే కిందికి దిగుతుంది. పంపు లేదు, ఫ్యాన్ లేదు. ఎక్కే ఆవిరికీ దిగే నీటికీ దారి ఒక్కటే కాబట్టి ప్రతి పైపుకీ, ప్రతి రేడియేటర్‌కీ వాటం ఉండాలి. వాటం తప్పిన చోట నీళ్ళు నిలుస్తాయి. వేగంగా వచ్చే ఆవిరి ఆ నీటిని తోసుకుపోయి పైపు మలుపులో కొడుతుంది. పాత ఇళ్ళలో అర్ధరాత్రి సుత్తితో బాదినట్టు వినిపించే చప్పుడు ఇదే.

మా పడకగదిలో ఆ మోత భరించలేకుండా ఉండేది. రసమట్టం తెచ్చి రేడియేటర్ మీద పెడితే బుడగ చెప్పేసింది: ఆవిరి లోపలికొచ్చే వాల్వ్ వైపు వాలాల్సింది, అవతలి వైపు వాలి ఉంది. వందేళ్ళలో చెక్క నేల కుంగిపోయింది. అవతలి కాళ్ళ కింద పల్చటి బిళ్ళలు పెట్టి కొద్దిగా లేపాం. ఆ రాత్రి నుంచి ఆ గదిలో చప్పుడు లేదు. దానికైన ఖర్చు చెప్పుకోదగ్గది కూడా కాదు. వాల్వ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒంటి పైపు పద్ధతిలో దాన్ని పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. గది మరీ వేడెక్కిందని సగం తిప్పితే లోపలి నీళ్ళు దిగలేక గుడగుడలాడతాయి, వెంట్ లోంచి చిమ్ముతాయి.

వెంట్ అంటే రేడియేటర్ పక్కన బొటనవేలంత ఉండే నికెల్ పూత డబ్బా. రేడియేటర్‌లో ఉన్న గాలి బయటికి పోతేనే ఆవిరి లోపలికి వస్తుంది. ఆ గాలిని వదిలేది ఇదే. ఆవిరి తగలగానే వేడికి దారి మూసుకుంటుంది. చెవి పెట్టి వింటే సన్నగా "స్స్" అంటూ ఉండి, ఒక్కసారి "టిక్" అని ఆగుతుంది. ఆగకుండా బుసకొడుతూ గోడని తడిపేస్తుంటే దాని పని అయిపోయినట్టే. గాలి అసలు వదలకపోతే రేడియేటర్ సగమే వేడెక్కుతుంది. ఒక్కో వెంట్ కొన్ని పదుల డాలర్లు, మరచుట్టు తిప్పి మనమే మార్చుకోవచ్చు, కాకపోతే రేడియేటర్ పూర్తిగా చల్లారాక. బేస్‌మెంట్‌లో పెద్ద పైపుల చివర మెయిన్ వెంట్లు కూడా ఉంటాయి. చాలామంది వాటి ఊసే ఎత్తరు. మావి తుప్పు పట్టి మూసుకుపోయి ఉన్నాయి. వాటి స్థానంలో గోర్టన్ కంపెనీ నంబర్ 2 వెంట్లు పెట్టించాక దూరపు గదికి ఆవిరి ముందుకన్నా చాలా త్వరగా చేరుతోంది. నేను పెట్టిన డబ్బులో అన్నిటికన్నా గిట్టుబాటైనది ఇదే.

ఇక ప్రెషర్. ఇంట్లో బాయిలర్ అనగానే మనవాళ్ళకి పేలుతుందేమోనని టెన్షన్. మన ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల సుమారు 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ప్రెషర్ కొలత) ఉంటుంది. ఈ బాయిలర్‌కి 2 కూడా అక్కర్లేదు. ప్రెషర్‌ని బట్టి మంటని వెలిగించి ఆర్పే ప్రెషర్‌ట్రోల్ అనే బూడిదరంగు పెట్టె మీద కట్-ఇన్ (మంట వెలిగే ప్రెషర్) 0.5, డిఫరెన్షియల్ (ఆరడానికి దాని మీద ఇంకెంత పెరగాలో) 1 దగ్గర పెడితే ఇల్లంతా చక్కగా వేడెక్కుతుంది. ప్రెషర్ పెంచితే వేడి తొందరగా వస్తుందని పెంచేవాళ్ళున్నారు. దాంతో గ్యాస్ వృథా, వెంట్లు త్వరగా పాడు. ఆ పెట్టె కింద పంది తోకలా చుట్ట తిరిగిన సన్నటి పైపు ఉంటుంది. అందులో బురద పేరుకుంటే లోపల ఎంత ప్రెషర్ ఉందో పెట్టెకి తెలియదు. ఏటా సర్వీసింగ్‌కి వచ్చిన మనిషి చేత దాన్ని తీయించి శుభ్రం చేయిస్తాను. మీరూ అడిగి చేయించుకోండి, అడగకపోతే చాలామంది ముట్టుకోరు.

మాకు అసలు కష్టం కొత్త బాయిలర్ పెట్టించినప్పుడు వచ్చింది. వచ్చిన కాంట్రాక్టర్ పాత బాయిలర్ మీది రేకు చూసి అదే సైజు రాసేశాడు, ఒక్క రేడియేటర్ కూడా కొలవలేదు. బాయిలర్ పైన ఉండాల్సిన లావుపాటి ఇనప పైపుల బదులు సన్నటి రాగి పైపులు అతికించి వెళ్ళాడు. బాయిలర్‌లో నీటిమట్టం చూపించే గాజు గొట్టం, అంటే సైట్ గ్లాస్‌లో నీళ్ళు ఎగిరెగిరి పడేవి, పైన మోత తిరిగి మొదలైంది. తర్వాత స్టీమ్ తెలిసిన ఒక పెద్దాయన దొరికాడు. ఆయన ముందు బాయిలర్ వైపు చూడనే లేదు. టేపు పట్టుకుని గది గదికీ తిరిగి రేడియేటర్ల ఎత్తు, వెడల్పు కొలిచి, ఎన్ని భాగాలున్నాయో లెక్కపెట్టాడు. స్టీమ్‌లో రేడియేటర్ చదరపు అడుగుకి గంటకి 240 బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం) లెక్క. బాయిలర్ సైజు ఆ మొత్తాన్ని బట్టే ఎంచుకోవాలి. ఇంటి విస్తీర్ణంతో దానికి సంబంధం లేదు. తయారీదారు మాన్యువల్‌లోనే పైపుల బొమ్మ ఉంటుంది, దాని ప్రకారం ఇనప పైపులు మార్చాడు. పైపులకి మరలు కోసినప్పుడు వాడిన నూనె నీటి మీద తేలుతోందని, బాయిలర్‌ని నెమ్మదిగా నింపుతూ ఆ పైపొరని గంటల తరబడి పారబోశాడు. దీన్ని స్కిమ్మింగ్ అంటారు. ఆ తర్వాత గ్లాస్‌లో నీటిమట్టం దాదాపు కదలకుండా నిలిచింది.

వారానికోసారి చేసే పని ఒకటుంది. నీళ్ళు తగ్గితే మంట ఆర్పేసే లో-వాటర్ కటాఫ్ మాది ఫ్లోట్ రకం, అంటే లోపల నీటి మీద తేలే బుడ్డి ఉన్నది. బాయిలర్ నడుస్తుండగా కింద బకెట్ పెట్టి దాని వాల్వ్ తెరిస్తే మరిగే నీళ్ళు టీ డికాషన్ రంగులో దూకుతాయి, మంట ఠక్కున ఆరిపోవాలి. ఆరకపోతే ఆ రోజే మెకానిక్‌ని పిలవాలి. నీళ్ళు తేటబడేదాకా వదిలి, తగ్గినంత పోస్తాను. ఇది కాక తరచూ నీళ్ళు పోయాల్సి వస్తుంటే ఎక్కడో లీకున్నట్టు. కొత్త నీళ్ళతో వచ్చే ఆక్సిజన్ బాయిలర్ ఇనుముని తినేస్తుంది. నీళ్ళని బాయిలర్‌కి తిరిగి చేర్చే రిటర్న్ పైపు నేల కింద పూడ్చి ఉంటే దాన్ని ముందు అనుమానించండి.

లోటుపాట్లూ ఉన్నాయి. గ్యాస్ స్టీమ్ బాయిలర్ల ఏఎఫ్‌యూఈ (ఏడాది మొత్తం మీద ఇంధనంలో ఎంత శాతం వేడిగా పనికొస్తుందో చెప్పే లెక్క) మామూలుగా 83 శాతం దగ్గర ఆగుతుంది, పొగలోని వేడిని కూడా లాక్కునే కండెన్సింగ్ బాయిలర్లలా 95 రాదు. గాలి గొట్టాలు లేవు కాబట్టి వేసవిలో ఏసీకి వేరే ఏర్పాటు చేసుకోవాలి. రేడియేటర్ 100 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుతుంది, పాకే పిల్లలున్న ఇంట్లో కవర్లు తప్పవు. ఆవిరి ఇంట్లోకి రాదు కాబట్టి గాలి పొడిగానే ఉంటుంది, మేం హ్యూమిడిఫయర్ వాడతాం. పాత పైపులకి తెల్లటి పిండికట్టు లాంటి చుట్టు ఉంటే అది ఆస్‌బెస్టాస్ కావచ్చు, చేత్తో ముట్టుకోకుండా లైసెన్సున్నవాళ్ళ చేతే తీయించి ఫైబర్‌గ్లాస్ చుట్టించండి. బేస్‌మెంట్‌లోనూ పడకగదుల దగ్గరా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి.

ఇలాంటి ఇల్లు కొనబోతుంటే, ఇన్‌స్పెక్షన్ జూలైలో పడినా సరే థర్మోస్టాట్ పెంచి బాయిలర్ వేయించండి. ఒకరు బేస్‌మెంట్‌లో సైట్ గ్లాస్ ముందు నిలబడండి, ఇంకొకరు పైన ప్రతి రేడియేటర్ చివరిదాకా వేడెక్కిందో లేదో చూడండి. నీళ్ళు గంతులేస్తుంటేనో, పైపులు మోగుతుంటేనో బేరం వదులుకోకండి. రిపేరు ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.