రాయడానికి జంకే ప్రయాణికులకు బ్లాగర్: ఒక సమీక్ష

ప్రయాణాలంటే ఇష్టం, చూసినవాటి గురించి నాలుగు మాటలు రాసిపెట్టుకోవాలన్న కోరిక రెండూ ఉండి, తీరా రాయడానికి కూర్చునేసరికి చేయి ఆడనివారు చాలామంది ఉంటారు. భాష మీద పట్టు లేకపోవడం కన్నా వారిని ఎక్కువగా ఆపేది, రాసిన మొదటి వాక్యమే పదిమంది కంట పడుతుందన్న బెరుకు. దానికి తోడు సైటుకు ఏ పేరు పెట్టాలి, ఏ రంగులు వాడాలి, ఏ సేవకు డబ్బు కట్టాలి అన్న నిర్ణయాలన్నీ రాతకు ముందే మీద పడతాయి. గూగుల్ వారి ఉచిత బ్లాగు సేవ అయిన బ్లాగర్‌ను నేను ఈ కోణం నుంచే పరిశీలించాను. రాయడం అలవాటు లేనివారికి, అంతగా ఇష్టం కూడా లేనివారికి ఇది ఎంతవరకు సాయపడుతుందన్నదే నా ప్రశ్న.

పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ 1999 ఆగస్టులో ప్రారంభించిన ఈ సేవను గూగుల్ 2003లో తన చేతిలోకి తీసుకుంది. ఇన్నేళ్ళ తరవాత కూడా ఇందులో కొత్త హంగులు పెద్దగా చేరలేదు. కొందరు దీన్ని లోపంగా చెబుతారు కానీ, తొలిసారి రాసేవారికి అదే మేలని నా అభిప్రాయం. గూగుల్ ఖాతా ఉన్నవారు ఒక శీర్షిక, బ్లాగుకు బ్లాగ్‌స్పాట్ పేరుతో ఉండే వెబ్ చిరునామా, పాఠకులకు కనిపించవలసిన పేరు ఇస్తే చాలు, రాసుకునే పేజీ తెరుచుకుంటుంది. బ్లాగు రూపురేఖలను నిర్ణయించే థీమ్‌ను ఎప్పుడు మార్చుకున్నా రాసిన విషయం చెక్కుచెదరదు కాబట్టి, మొదట్లో దాని జోలికి పోకపోవడమే మంచిది. చిరునామా విషయంలో మాత్రం కాస్త ఆలోచించాలి. ఒక యాత్ర పేరునో ఒక సంవత్సరాన్నో అందులో ఇరికిస్తే రెండో ప్రయాణానికే అది నప్పదు. తరవాత మార్చుకునే వీలున్నా, పాత చిరునామాతో ఎవరికైనా పంపిన లింకులు పనిచేయవు.

బ్లాగర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చినది పాఠకులను మనమే నిర్ణయించుకునే వెసులుబాటు. సెట్టింగులలో పాఠకుల యాక్సెస్ అన్నచోట మూడు ఎంపికలు ఉంటాయి: అందరూ చదవవచ్చు, బ్లాగు రచయితలు (అంటే మనం) మాత్రమే చదవవచ్చు, లేదా మనం ఈమెయిల్ ద్వారా ఆహ్వానించినవారు మాత్రమే చదవవచ్చు. మామూలుగా మొదటిదే అమలులో ఉంటుంది. జంకేవారు ఖాతా తెరిచిన వెంటనే రెండోదానికి మారిపోవాలని నా గట్టి సలహా. ఎవరూ చూడరని తెలిసినప్పుడు వాక్యాలు నిటారుగా నిలబడవలసిన అవసరం ఉండదు. సగంలో ఆపేయవచ్చు, అలిగిన సంగతి రాయవచ్చు, దారి తప్పినప్పటి భయాన్ని దాచకుండా రాయవచ్చు. కొన్ని రాతలు పోగయ్యాక మూడో ఎంపికకు వెళ్ళి, ఆ ప్రయాణంలో తోడున్న ఒక్క మనిషిని ఆహ్వానించాలి. ఆ మనిషికి చెబుతున్నట్టు రాసినప్పుడు వర్ణనలు వాటంతటవే తగ్గి, సంగతులు పెరుగుతాయి. అందరికీ తెరవాలా వద్దా అన్నది ఆ తరవాతి మాట, తెరవకపోయినా నష్టమేమీ లేదు. ఆహ్వానం అందుకున్నవారు గూగుల్ ఖాతాతో లోపలికి రావలసి ఉంటుంది కాబట్టి, ఖాతా లేని పెద్దవారికి ఇది కొంత ఇబ్బందే.

రాసుకునే పేజీ సాదాగా ఉంటుంది, టైపు చేస్తున్నది దానంతటదే చిత్తుప్రతిగా భద్రమవుతూ ఉంటుంది. ప్రచురించినదాన్ని కూడా తిరిగి చిత్తుప్రతిగా మార్చుకోవచ్చు. వేరేచోట రాసి ఇక్కడ అతికించినప్పుడు అక్షరాల పరిమాణాలు, ఖాళీలు కలగాపులగమవుతుంటాయి, అప్పుడు ఫార్మాటింగ్‌ను తొలగించే బటన్ పనికివస్తుంది. కీబోర్డు అలవాటు లేనివారు ఫోనులో గూగుల్ వారి కీబోర్డు యాప్ అయిన జీబోర్డు ద్వారా తెలుగులో మాట్లాడుతూ కూడా రాయవచ్చు. విరామ చిహ్నాలు, ఊళ్ళ పేర్లు తరవాత సరిచూసుకోక తప్పదు గానీ, మనిషి మాటతీరు రాతలోకి రావడానికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు కనిపించలేదు.

ఖాళీ పేజీని చూసి బిగుసుకుపోయేవారికి ఇందులోని ఫోటో శీర్షికల (ఫోటో కింద రాసే క్యాప్షన్ల) సౌకర్యం ఎంతో ఉపకరిస్తుంది. ముందుగా వ్యాసం రాయాలన్న ఆలోచన పక్కన పెట్టి, కొన్ని ఫోటోలను తీసిన సమయం ప్రకారం వరుసగా చేర్చాలి. ఒక్కొక్క ఫోటో మీద నొక్కి, శీర్షిక ఎంచుకుని, ఫోటోలో కనిపించని సంగతి ఒకటి కింద రాయాలి. కొండమీద తీసిన సూర్యోదయం కింద ‘సూర్యోదయం ఎంతో అందంగా ఉంది’ అని రాస్తే ఫోటో చెప్పినదే మళ్ళీ చెప్పినట్టు అవుతుంది. ‘ఎక్కి వచ్చిన ఆయాసం తీరకముందే తెల్లారిపోయింది, ఫోను తీసేసరికి సూర్యుడు పూర్తిగా పైకి వచ్చేశాడు’ అంటే అక్కడ ఒక మనిషి ఉన్నట్టు తెలుస్తుంది. ఇలా శీర్షికలన్నీ అయ్యాక, మాట బాగా కుదిరిన ఫోటోలను ఉంచి తక్కినవి తీసేస్తే మిగిలేది దాదాపు ఒక వ్యాసమే. ఆ శీర్షికల మధ్య ఒకటి రెండు వాక్యాలు చేర్చడానికి ఎవరికీ పెద్దగా భయం వేయదు. అయితే ఫోటోలను పక్కపక్కన పేర్చడం, వాటి చుట్టూ అక్షరాలను సర్దడం బ్లాగర్‌లో చికాకు పెట్టే పని. ఒకదాని కింద ఒకటిగా, ఒకే పరిమాణంలో పెట్టుకుంటే ఆ చికాకు తప్పుతుంది.

ప్రయాణాలు రాసేవారికి పనికివచ్చే మరో సౌకర్యం తేదీని మార్చుకోవడం. ఎప్పుడో చేసిన ప్రయాణాన్ని ఇప్పుడు రాసినా, ప్రచురణ తేదీగా ఆనాటి తేదీనే ఇస్తే అది తన కాలంలోకి వెళ్ళి కూర్చుంటుంది. అందువల్ల కొత్త ప్రయాణం కోసం ఎదురుచూడకుండా జ్ఞాపకం ఉన్నదానితోనే మొదలుపెట్టవచ్చు. రాబోయే తేదీ ఇస్తే ఆ రోజున దానంతటదే ప్రచురితమవుతుంది. ఊళ్ళో లేమన్న సంగతి లోకానికి చాటడం క్షేమం కాదు కాబట్టి, తిరిగి వచ్చాక కనిపించేలా ఈ ఏర్పాటు చేసుకోవడం తెలివైన పని. స్థలాన్ని పటంపై గుర్తించే అవకాశమూ ఉంది. వెళ్ళిన దారి మొత్తాన్ని చూపాలంటే మాత్రం గూగుల్ మై మ్యాప్స్‌లో పటం తయారుచేసి, అది ఇచ్చే కోడును హెచ్‌టీఎంఎల్ వీక్షణలో (పేజీ వెనుక ఉండే కోడును చూపే చోట) అతికించాలి. కోడు పేరు వింటేనే వెనుకాడేవారు దీన్ని మొదట్లో వదిలేయవచ్చు.

తెలుగులో రాసేవారు ఒక విషయం గమనించాలి. పోస్టు (బ్లాగులో పెట్టే ఒక్కొక్క రాత) శీర్షికలోని తెలుగు అక్షరాలను బ్లాగర్ లింకులో ఉంచదు. పూర్తిగా తెలుగులో ఉన్న ఏ శీర్షికకైనా బ్లాగ్-పోస్ట్ అని, ఆపైన అంకెలతో, ఒకే తీరు లింకులు తయారవుతాయి. ప్రచురించే ముందే పెర్మాలింక్ (ఆ పోస్టుకు ఉండే శాశ్వత లింకు) అన్నచోట ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాలలో ఇచ్చుకుంటే తరవాత వెతుక్కోవడం తేలిక. ప్రచురించాక మార్చాలంటే పోస్టును మళ్ళీ చిత్తుప్రతిగా చేయాలి. బ్లాగులు, సైట్లు తయారుచేసుకోవడానికి వాడే మరో సాధనమైన వర్డ్‌ప్రెస్ తెలుగు అక్షరాలను లింకులో ఉంచుతుంది గానీ, దాన్ని నకలు తీసి అతికించినప్పుడు తరచుగా శాతం గుర్తులతో నిండిన బారెడు గొలుసుగా మారిపోతుంది.

వర్డ్‌ప్రెస్ ప్రస్తావన వచ్చింది కాబట్టి దాని సంగతీ చెప్పాలి. 2003లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ ఎన్నో విధాల శక్తిమంతమైనది. ఫోటోల అమరికలో బ్లాగర్ దాని దరిదాపుల్లోకి కూడా రాదు; సైటు రూపం మీద ముందునుంచీ స్పష్టత ఉన్నవారు, దీన్ని వృత్తిగా మలచుకోవాలనుకునేవారు నేరుగా అటే వెళ్ళాలి. అయితే 2018 చివర్లో దానిలోకి వచ్చిన బ్లాకుల పద్ధతిలో ప్రతి పేరా, ప్రతి బొమ్మ ఒక విడి బ్లాకు. రాయడమే కష్టంగా ఉన్న మనిషికి అది మొదట్లో మరో పాఠం నేర్చుకోవడంలా అనిపిస్తుంది.

ఎంతమంది చదివారో చూపే గణాంకాల పేజీ బ్లాగర్‌లో ఉంటుంది, మొదటి సంవత్సరం దాన్ని తెరవకపోవడం మనసుకు మంచిది. బ్లాగర్‌లో వ్యాఖ్యలను మన ఆమోదం తరవాతే కనిపించేలా పెట్టుకోవచ్చు. అందరికీ తెరిచే రోజున ముందుగా చేయవలసిన మార్పు అదే.

రాసినవాటి నకలు తీసిపెట్టుకోవడాన్ని వాయిదా వేయకూడదు. ఉచిత సేవ ఎంత కాలం ఉంటుందన్నది దాన్ని నడిపేవారి చేతిలో ఉంటుంది, ఖాతా మూతపడితే రాతలూ అందకుండా పోతాయి. గూగుల్ ఖాతాలోని సమాచారాన్ని దించుకోనిచ్చే గూగుల్ టేకవుట్ ద్వారా పోస్టులన్నీ దించుకుని, అసలు ఫోటోలను విడిగా ఒక డ్రైవులో ఉంచుకోవాలి. ప్రతి ప్రయాణం రాయడం పూర్తయిన రోజునే ఈ పని చేయడం అలవాటుగా పెట్టుకోవాలి, ఎందుకంటే రాసినవి పెరిగేకొద్దీ వాటిని మళ్ళీ జ్ఞాపకం నుంచి రాయడం ఎవరివల్లా కాదు.