లాడ్జికి కట్టిన 2,800, బ్రెజిల్‌తో పోయిన సెమీస్

టోర్నమెంట్ చూడ్డానికి ఊరుకాని ఊరు వెళ్తుంటే లాడ్జికి మొత్తం డబ్బు ముందే కట్టకండి. ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

2017 అక్టోబర్‌లో అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచకప్ మన దేశంలో జరిగింది. ఢిల్లీ, నవీ ముంబయి, గోవా, కొచ్చి, గువాహటి, కోల్‌కతా... ఆరు ఊళ్లు. తెలుగు ఊరు ఒక్కటీ లేదు. మావాడికి అప్పుడు పదిహేనేళ్లు, బ్రెజిల్ అంటే ప్రాణం. గువాహటిలో 21న క్వార్టర్ ఫైనల్, 25న సెమీ ఫైనల్ రెండూ ఉన్నాయని విశాఖ నుంచి బయల్దేరాం. మా బావమరిదికి క్రికెట్ తప్ప ఏదీ పట్టదు. కామాఖ్య అమ్మవారి దర్శనం అవుతుందని తోడొచ్చాడు. 19న దీపావళి. ఆ రోజు మేం రైల్లో ఉన్నాం. మా ఆవిడ ఫోన్ చేసి ఏమందో రాయను.

పల్టన్ బజార్ వైపు ఒక లాడ్జి. రోజుకి 1,400 చొప్పున ఆరు రాత్రులకి 8,400, అంతా ముందే కట్టాలన్నాడు. కట్టేశాను. బకెట్ వేడినీళ్లు 30 రూపాయలు, అదీ ఉదయం ఎనిమిదిలోపే. కిటికీ తీస్తే పక్క భవనం గోడ. దుప్పటి మార్చమంటే ఆ కుర్రాడు దాన్నే తిరగేసి పరిచాడు. అయినా మ్యాచ్‌కి వచ్చాం కదా, గదిలో ఎంతసేపుంటాం అని సరిపెట్టుకున్నాం.

క్వార్టర్ ఫైనల్ మాలి, ఘనా మధ్య. ఒకటే వాన. మైదానం వరి నాట్లకి దమ్ము చేసిన మడిలా ఉంది. బంతి దొర్లడం లేదు, ఎక్కడ పడితే అక్కడే కూర్చుంటోంది. పిల్లలు జారి పడుతూ, లేస్తూ ఆడారు. మాలి 2-1తో గెలిచింది. ఘనాకి పెనాల్టీ గోల్ కొట్టిన కుర్రాడు మహమ్మద్ కుడుస్. తర్వాత 2022 ప్రపంచకప్‌లో వాడిని టీవీలో చూసి, "నాన్నా, మనం బురదలో చూసినవాడే" అని మావాడు ఎగిరి గంతేశాడు. ఆ రోజు మాత్రం బావమరిది, "బావా, ఇది ఫుట్‌బాలా, కబడ్డీయా?" అన్నాడు.

మర్నాడు కామాఖ్య దర్శనం బాగా జరిగింది. ఆ రాత్రే కోల్‌కతాలో జర్మనీని 2-1తో ఓడించి బ్రెజిల్ సెమీస్‌కి వచ్చింది. మనముండే ఊరికే బ్రెజిల్ వస్తోందని మావాడికి నిద్రపట్టలేదు.

23న పిడుగులాంటి వార్త. మైదానం ఆటకి పనికిరాకుండా పోవడంతో ఇంగ్లండ్, బ్రెజిల్ సెమీస్ కోల్‌కతాకి మారిపోయింది. మధ్యలో ఒక్కరోజే ఉంది. తప్పు వానది, ఎవర్నని ఏం లాభం? కానీ హౌరా మీదుగా, కోల్‌కతాని దాటుకునే కదా ఇక్కడికొచ్చింది! మావాడు మాట్లాడడం మానేశాడు. "దర్శనం అయ్యింది, ఇంటికి పోదాం" అన్నాడు బావమరిది. ఆ రాత్రి ఫోన్లు పట్టుకుని కొత్త మ్యాచ్ టికెట్లు సంపాదించాం. రైల్లో బెర్తులు లేవు. 24 సాయంత్రం విమానానికి ముగ్గురికి 13,950.

ఇక లాడ్జి. మిగిలిన రెండు రాత్రుల డబ్బు 2,800 ఇమ్మన్నాను. "మ్యాచ్ నేను మార్చానా?" అన్నాడు యజమాని. సగమైనా ఇమ్మన్నాను. నా హిందీకి వాడు నవ్వాడు, వాడి హిందీకి నాకు ఒళ్లు మండింది. వాదించగా వాదించగా చివరికి ఒక చిన్న చీటీ మీద "రెండు రాత్రులు బాకీ" అని రాసి, ముద్ర వేసిచ్చాడు. మళ్లీ వచ్చినప్పుడు ఉండొచ్చట! విశాఖ నుంచి గువాహటికి రెండు రాత్రులు పడుకోవడానికి వెళ్లాలన్నమాట.

ఆ ఊరి మీద మాత్రం కోపం లేదు. కారణం భోజనం. స్టేషన్‌కి దగ్గర్లో చిన్న హోటల్లో 160 రూపాయలకి అన్నం, పప్పు, కూర, మాసోర్ టెంగా అనే పుల్లటి చేపల కూర. చింతపండు లేదు, కారం లేనట్టే. పులుపు టమాటాదీ నిమ్మకాయదీ. మొదటి ముద్దకి మొహం చిట్లించిన బావమరిది, మూడోసారి పులుసు అడిగి పోయించుకున్నాడు. "అక్క చేసేది వేరు, ఇది వేరు" అని జాగ్రత్తగా తీర్పిచ్చాడు. గువాహటి వెళ్తే అది తినకుండా రావద్దు.

కోల్‌కతాలో సియాల్దా దగ్గర గది 1,100. శుభ్రంగా ఉంది, ఏ గొడవా లేదు. సాల్ట్ లేక్ స్టేడియానికి అప్పట్లో మెట్రో లేదు, ట్యాక్సీకి 250 అడిగాడు. 2020లో స్టేడియం పేరుతోనే స్టేషన్ వచ్చింది, ఇప్పుడు వెళ్లేవాళ్లు ట్యాక్సీ జోలికి పోవద్దు.

లోపల అరవై వేలకి పైగా జనం, ఎటు చూసినా పసుపు జెర్సీలే. ఊరంతా మావాడి పక్షమే. అయినా ఇంగ్లండ్ కుర్రాడు రియాన్ బ్రూస్టర్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. 3-1. విచిత్రం ఏమిటంటే, మూడో గోల్‌కి మా వరసలోని పసుపు చొక్కాలు కూడా చప్పట్లు కొట్టాయి. పక్కనున్న పెద్దాయన బావమరిదికి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో బెంగాలీ, హిందీ, చేతి సైగలు కలిపి చెప్పాడు. మనవాడికి అర్థమైందో లేదో గానీ, రెండో సగంలో రిఫరీ మీద అరిచినవాళ్లలో వాడే ముందున్నాడు.

28న ఫైనల్‌కి ఉండలేకపోయాం, మావాడికి స్కూలు. స్పెయిన్ 2-0తో ముందుండగా ఇంగ్లండ్ 5-2తో గెలవడం ఇంట్లో టీవీలో చూశాం. "ఇంకో రెండ్రోజులు ఉంటే ఏం పోయేది బావా?" అన్నాడు బావమరిది. ఇంటికి పోదామన్నది వాడే!

ఆ చీటీ ఇంకా నా పర్సులోనే ఉంది. ఎవరైనా గువాహటి వెళ్తుంటే చెప్పండి, రెండు రాత్రులు ఉచితం. వేడినీళ్లకి మాత్రం 30 మీరే పెట్టుకోవాలి.