ఒకే మహాబడి అలెన్, డజను బళ్ల ఫ్రిస్కో

అమెరికాలోని డాలస్ ఉత్తర శివార్లలో ఇల్లు కొనబోయే తెలుగువాళ్ల మధ్య, పిల్లల బడికి అలెన్ మేలా ఫ్రిస్కో మేలా అన్న వాదన ఎప్పటికీ తెగదు. అలెన్ స్కూల్ జిల్లాకు ఒకటే ప్రభుత్వ హైస్కూలు, అందులో వేలమంది పిల్లలు. దగ్గర్లోని ఫ్రిస్కో జిల్లా బళ్లను కావాలనే చిన్నవిగా ఉంచి, 2022 నాటికి 12 హైస్కూళ్లు కట్టుకుంది.

సందడిలో అలెన్‌దే పైచేయి. 2012లో సుమారు 6 కోట్ల డాలర్లతో 18,000 సీట్ల స్టేడియం కట్టారు, అదీ బడిపిల్లల అమెరికన్ ఫుట్‌బాల్ కోసం! రెండేళ్లకే కాంక్రీటు బీటలువారి మూసేశారు, 2015లో మళ్లీ తెరిచారు. ఇక్కడే చదివిన కైలర్ మర్రే క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసురుతూ జట్టును నడిపే ఆటగాడిగా, ఆరంభం నుంచే బరిలోకి దిగిన 42 మ్యాచ్‌ల్లో అలెన్ ఒక్కటీ ఓడలేదు. శుక్రవారం రాత్రి వందలమంది బ్యాండు మైదానంలోకి దిగితే మన ఊరి జాతరే.

ఫ్రిస్కో బళ్లు స్టేడియాలను వంతులవారీగా పంచుకోవాలి. అయితే అందులో ఒకటి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ సాధన చేసే 12,000 సీట్ల ఫోర్డ్ సెంటర్, కాబట్టి మరీ జాలిపడక్కర్లేదు.

పాత విద్యార్థులను ఆహ్వానించే బడి పండగ హోంకమింగ్‌కు రెండుచోట్లా టెక్సాస్ వరసే. రిబ్బన్లు, చిరుగంటలు వేలాడే పెద్ద ఉత్తుత్తి చామంతిని, అదే 'మమ్', ఆడపిల్లలు మెడలో వేసుకుంటారు. గుమ్మం తోరణం నడిచొస్తున్నట్టుంటుంది.

నా మొగ్గు ఫ్రిస్కోకే. టెన్నిస్ అయినా డిబేట్ అయినా ఊళ్లో డజను జట్లు, మామూలు పిల్లాడికీ ఎక్కడో చోటు దొరుకుతుంది. అలెన్‌లో ఒక్క జట్టుకే అంతమంది పోటీ. బ్యాండు పిచ్చి ఉన్న పిల్లలైతే మాత్రం నా మాట వినకండి.